మైడాస్ రాజుకు కూతుర్నిచ్చిన రచయిత

ముట్టుకున్నదల్లా బంగారం కావాలని వరం కోరుకున్న మైడాస్ రాజు కథ తెలియనివాళ్ళు అరుదు. ఇంగ్లీషు మీడియం బడిలో చదివే పిల్లల్ని అడగండి, గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. రాజు వరం అడిగాడు, గులాబీలు బంగారమయ్యాయి, తిండి బంగారమయింది, చివరికి పరుగెత్తుకుంటూ వచ్చిన కన్నకూతురే బంగారు బొమ్మయిపోయింది. కథలో పిల్లలకు గుర్తుండిపోయేది ఆ కూతురే. ఆ అమ్మాయి లేకపోతే కథే లేదనిపిస్తుంది.

కానీ పాత కథలో ఆ అమ్మాయి లేదు. రెండు వేల ఏళ్ళ కింద రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో మైడాస్‌కు వరం వస్తుంది, అన్నం నీళ్ళు బంగారమవుతాయి, ఆకలికి తట్టుకోలేక దేవుణ్ణి వేడుకుంటాడు, పాక్టోలస్ నదిలో మునిగి బయటపడతాడు. అంతే. కూతుర్ని తెచ్చి ఆ రాజు ఒళ్ళో పెట్టింది 1851లో ఒక అమెరికా రచయిత. ఆయన పేరు నథానియెల్ హాథార్న్. గ్రీకు కథల్ని చిన్న పిల్లలకు అర్థమయ్యేలా చెప్పి, వాటిలోని సారాన్ని పిల్లలే పట్టుకునేలా చేసిన వాళ్ళలో మొదటి వరసలో నిలిచే మనిషి. ఆయన జీవితం చదివితే ఆ కూతురు ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది. ఇల్లు వదిలి దూరాన పనిచేసుకునే మనలాంటి వాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే తెలుస్తుంది.

ఓడ ఎక్కి తిరిగి రాని తండ్రి

హాథార్న్ 1804 జూలై 4న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అనే రేవు పట్నంలో పుట్టాడు. సేలం అంటే మన తమిళనాడు సేలం కాదు. 1692లో మంత్రగత్తెలనే నింద మోపి 19 మందిని ఉరితీసిన ఊరు అది. ఆ విచారణ జరిపిన న్యాయాధికారుల్లో ఒకడైన జాన్ హాథార్న్ మన రచయితకు పూర్వీకుడు. ఆ మచ్చ ఆయన్ని జీవితాంతం వెంటాడింది. ఇంటిపేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకుని రాసుకున్నది ఆ పూర్వీకులకు దూరం జరగడానికేనని చాలామంది అంటారు.

తండ్రి ఓడ కెప్టెన్. ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే. 1808లో దక్షిణ అమెరికాలోని సురినాం రేవులో పచ్చజ్వరం వచ్చి చనిపోయాడు. అప్పటికి కొడుక్కి నాలుగేళ్ళు కూడా నిండలేదు. కబురు మాత్రం ఇంటికి చేరింది, మనిషి చేరలేదు. తల్లి ఎలిజబెత్ ముగ్గురు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. మేనమామ రాబర్ట్ మానింగ్ చదువు బాధ్యత తీసుకున్నాడు. బతుకుదెరువుకు పోయిన తండ్రి తిరిగి రాకపోతే పిల్లలు అమ్మమ్మ ఇంట్లో మేనమామ నీడన పెరగడం మన ఊళ్ళల్లో కొత్త సంగతి కాదు. రెండు వందల ఏళ్ళ కింద ఆ దేశంలోనూ అంతే.

తొమ్మిదేళ్ళప్పుడు బంతి ఆట ఆడుతుంటే కాలికి దెబ్బ తగిలింది. ఏడాదికి పైగా సరిగ్గా నడవలేకపోయాడు. బడి లేదు, ఆట లేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ చదివాడు. తర్వాత మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కాలేజీలో చేరి 1825లో పట్టా పుచ్చుకున్నాడు. అక్కడ ఆయనతో చదివిన వాళ్ళలో లాంగ్‌ఫెలో తర్వాత పెద్ద కవి అయ్యాడు. ఒక తరగతి ముందున్న ఫ్రాంక్లిన్ పియర్స్ ఏకంగా అమెరికా అధ్యక్షుడయ్యాడు. హోరేషియో బ్రిడ్జ్ అనే మరో స్నేహితుడు నౌకాదళంలో చేరాడు. ఈ స్నేహాలే ఆయన్ని చివరిదాకా నిలబెట్టాయి.

మేడగదిలో పన్నెండేళ్ళు

కాలేజీ అయ్యాక హాథార్న్ ఏ ఉద్యోగంలోనూ చేరలేదు. సేలంలో తల్లి ఇంట్లో పై గదిలో కూర్చుని పన్నెండేళ్ళు రాశాడు. 1828లో సొంత డబ్బు పెట్టి పేరు లేకుండా ఒక నవల అచ్చు వేయించి, అది నచ్చక దొరికిన కాపీలన్నీ తగలబెట్టాడు. పత్రికలకు పంపిన కథలు కూడా చాలావరకు పేరు లేకుండానే వచ్చేవి. ఇచ్చే డబ్బులు అంతంత మాత్రం.

1837లో ఆయన కథలు పుస్తకంగా వచ్చాయి. పుస్తకం అమ్ముడుపోకపోతే నష్టం తాను భరిస్తానని బ్రిడ్జ్ 250 డాలర్లకు హామీ ఇచ్చాడు, అదీ హాథార్న్‌కు తెలియకుండా. మన దగ్గర ఏజెంటుకు కట్టే డబ్బు కోసం తోటి స్నేహితుడు షూరిటీ సంతకం పెడతాడు కదా, అలాంటిదే అనుకోండి. ఆ పుస్తకంతో ఆయన పేరు బయటికొచ్చింది. పీబడీ కుటుంబం పరిచయమైంది. ఆ ఇంటి చిన్నమ్మాయి సోఫియా బొమ్మలు వేసేది. ఆమెతో పెళ్ళి కుదిరింది. కానీ పెళ్ళి చేసుకోవాలంటే ఆదాయం కావాలి.

బొగ్గు, ఉప్పు కొలిచిన కాలం

1839లో బోస్టన్ కస్టమ్స్ ఆఫీసులో కొలతల ఉద్యోగం దొరికింది. రేవులో ఓడల నుంచి దిగే బొగ్గు, ఉప్పు కొలిచి లెక్క రాయడం పని. పొద్దున్నుంచీ రేవులో నిలబడాలి. చలికాలం గడ్డకట్టే గాలి, ఒళ్ళంతా బొగ్గు మసి. సైట్ మీద ట్రక్కు వస్తే మెటీరియల్ దింపించి కొలిచి రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్ళకు ఆ పని ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు. రోజంతా లెక్కలు రాశాక రాత్రి కథ రాయడానికి చెయ్యి కదలదు. రెండేళ్ళు అలాగే గడిచాయి. ఆ రోజుల్లోనే పిల్లల కోసం అమెరికా చరిత్రను 'తాతగారి కుర్చీ' అనే కథగా రాశాడు. ఒక పాత కుర్చీ చూసినట్టుగా చరిత్రంతా చెప్పిన పుస్తకం అది. దాన్ని అచ్చు వేసింది సోఫియా పెద్దక్క ఎలిజబెత్ పీబడీ.

1841లో బ్రూక్ ఫామ్ అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో దాచుకున్న 1,000 డాలర్లు పెట్టాడు. అందరూ కలిసి పనిచేసి, మిగిలిన సమయంలో చదువుకోవచ్చని అక్కడివాళ్ళ ఆశయం. హాథార్న్ మాత్రం పేడ ఎత్తడంతోనే సరిపోతోందని కొద్ది నెలలకే బయటికొచ్చేశాడు. పెట్టిన డబ్బు కోసం తర్వాత కోర్టుకు పోవాల్సి వచ్చింది.

1842 జూలై 9న సోఫియాతో పెళ్ళయింది. కాంకర్డ్ అనే ఊళ్ళో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కొత్త దంపతులకు కానుకగా పెరట్లో కూరగాయల మడులు వేసిపెట్టినవాడు థోరో. గాంధీగారు ఎంతో గౌరవించిన ఆ థోరోయే. 1844లో పెద్ద కూతురు ఊనా, 1846లో కొడుకు జూలియన్ పుట్టారు. 1846లో సేలం కస్టమ్స్ ఆఫీసులో సర్వేయర్ ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం పోయిన ఏడాది

1849లో వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. కొత్త పార్టీ తన మనుషుల్ని పెట్టుకోవడానికి పాతవాళ్ళని తీసేసింది. హాథార్న్ ఉద్యోగం ఊడింది. అదే జూలైలో తల్లి చనిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఇద్దరు పిల్లలు. సోఫియా ఇంటి ఖర్చుల్లోంచి కొంత కొంత మిగిల్చి దాచిపెట్టింది. దీపాల మీద బొమ్మలు వేసి అమ్మింది. స్నేహితులు చందాలు వేసుకుని డబ్బు పంపారు. ఆ కష్టంలో కూర్చుని రాసిన నవలే 'ద స్కార్లెట్ లెటర్'. 1850 మార్చిలో వచ్చింది. మొదట అచ్చువేసిన 2,500 కాపీలు పది రోజుల్లో అయిపోయాయి. 46వ ఏట దేశమంతా తెలిసిన రచయిత అయ్యాడు. అయినా పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు.

సేలం వదిలేసి మసాచుసెట్స్ పడమటి కొండల్లో లెనాక్స్ అనే ఊరికి కుటుంబంతో మారాడు. చిన్న ఎర్ర ఇల్లు, ఎదురుగా చెరువు, దూరంగా కొండలు. అక్కడే హెర్మన్ మెల్విల్ పరిచయమయ్యాడు. 1851లో వచ్చిన 'మోబీ డిక్' నవలను మెల్విల్ హాథార్న్‌కే అంకితమిచ్చాడు. అదే ఏడాది మే నెలలో చిన్న కూతురు రోజ్ పుట్టింది.

ఎర్ర ఇంట్లో ఆరు వారాలు

1851 జూన్, జూలై నెలల్లో, సుమారు ఆరు వారాల్లో, హాథార్న్ గ్రీకు కథల పుస్తకం రాశాడు. పేరు 'ఎ వండర్ బుక్ ఫర్ గర్ల్స్ అండ్ బాయ్స్'. అందులో ఆరు కథలున్నాయి. మెడూసా తల నరికిన పెర్సియస్, బంగారు స్పర్శ పొందిన మైడాస్, పెట్టె తెరిచిన పండోరా, బంగారు ఆపిల్ పళ్ళు తెచ్చిన హెర్క్యులిస్, ఎప్పటికీ ఖాళీ కాని పాలకూజా, రెక్కల గుర్రమెక్కి కైమీరా అనే రాక్షసిని చంపిన బెల్లెరోఫోన్. ముడిసరుకు కోసం చార్లెస్ ఆంథన్ అనే ప్రొఫెసర్ రాసిన గ్రీకు రోమన్ నిఘంటువును పక్కన పెట్టుకున్నాడు.

పుస్తకంలో కథలు చెప్పేది యూస్టేస్ బ్రైట్ అనే కాలేజీ కుర్రాడు. సెలవులకు టాంగిల్‌వుడ్ అనే ఇంటికి వచ్చి పిల్లల గుంపును కూర్చోబెట్టి చెబుతుంటాడు. పిల్లలకు అసలు పేర్లు పెట్టలేదు, ప్రిమ్‌రోజ్, డాండిలైన్, బటర్‌కప్ అంటూ పూలూ మొక్కల పేర్లే. శరత్కాలంలో ఒక కథ, మంచు కురిసేటప్పుడు ఒక కథ, వసంతంలో కొండ ఎక్కుతూ ఒక కథ. మధ్యలో పిల్లలు అడ్డొస్తారు, ప్రశ్నలడుగుతారు, ఎగతాళి చేస్తారు. మన పేదరాశి పెద్దమ్మ కథలకు ఊ కొట్టే పిల్లల్లాగానే.

కథలు రాస్తూ ఊనాకూ జూలియన్‌కూ చదివి వినిపించాడు. పుస్తకం పూర్తయిన కొద్ది రోజులకే సోఫియా ఊనానూ పసిపిల్ల రోజ్‌నూ తీసుకుని పుట్టింటివాళ్ళను చూడ్డానికి వెళ్ళింది. ఐదేళ్ళ జూలియన్‌ను, ఒక కుందేలు పిల్లను చూసుకుంటూ హాథార్న్ సుమారు 20 రోజులు ఒంటరిగా గడిపాడు. పొద్దున లేపడం, తినిపించడం, చెరువు దగ్గరికి తీసుకెళ్ళడం, వాడి ఆగని ప్రశ్నలకు జవాబులివ్వడం, అన్నీ రోజువారీ డైరీలో రాసుకున్నాడు. తండ్రులు పిల్లల పెంపకం గురించి అంత వివరంగా రాసుకోని కాలం అది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న మనిషి తన పిల్లల దగ్గర ప్రతి రోజునూ అలా లెక్క రాసిపెట్టుకున్నాడు.

మైడాస్‌కు కూతురు ఎందుకు కావలసి వచ్చింది

పాత కథలో మైడాస్ కష్టం ఆకలి. పెద్దవాళ్ళకు అది అర్థమవుతుంది. పిల్లలకు అర్థమయ్యే కష్టం వేరే. అందుకే హాథార్న్ మేరీగోల్డ్ అనే చిన్నపిల్లను తెచ్చాడు. ఆయన చెప్పిన కథలో రాజు చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. ఆమె కోసమే ఇంకా బంగారం, ఇంకా బంగారం అని కూడబెడుతుంటాడు. కూతురు సంతోషిస్తుందని తోటలో గులాబీలన్నీ బంగారం చేస్తాడు. వాసన పోయాయని ఆ పిల్ల ఏడుస్తుంది. కథ అక్కడే తిరుగుతుంది. ఎవరి కోసం సంపాదిస్తున్నాడో ఆ మనిషికి అది అక్కర్లేదు. తర్వాత ఓదార్చబోయి ముద్దు పెట్టుకుంటే ఆమె కూడా బంగారమైపోతుంది. చివరికి నది నీళ్ళు తెచ్చి చల్లితే మళ్ళీ మనిషవుతుంది. రాజు ముసలివాడయ్యాక మనవలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇదే కథ చెప్పుకుంటాడు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. బిడ్డ పెళ్ళి కోసం, కొడుకు ఇంజినీరింగ్ సీటు కోసం, ఊళ్ళో స్లాబ్ ఇంటి కోసం అని వస్తాం. రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళు అని కాంట్రాక్టు పొడిగించుకుంటాం. అవసరం నిజమే, ఆశ తప్పు కాదు. మైడాస్ ప్రేమ కూడా నిజమే. ఎక్కడ ఆపాలన్నదే కథ వేసే ప్రశ్న. వరం తిరగబడి తన నెత్తికే వచ్చిన భస్మాసురుడి కథ మనకుంది. కానీ భస్మాసురుడు దుర్మార్గుడు కాబట్టి అది మన గురించి కాదులే అని తప్పించుకోవచ్చు. మైడాస్ మంచి తండ్రి. అతణ్ణి తప్పించుకోలేం.

పిల్లలతో థీమ్ పట్టించడం ఎలా

ఇవాళ చిన్న తరగతుల్లోనే కథ ఇచ్చి దాని థీమ్ ఏమిటో చెప్పమంటున్నారు. 2010లో వచ్చి అమెరికాలో చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ ప్రమాణాల్లో నాలుగో తరగతి పిల్లలు కథ నుంచి థీమ్ పట్టుకోవాలనీ, గ్రీకు పురాణాల నుంచి వచ్చిన మాటలు తెలుసుకోవాలనీ ఉంది. అమెరికన్ సిలబస్ బళ్ళలో పిల్లలున్నవాళ్ళు హోంవర్క్‌లో ఇది చూసే ఉంటారు. హాథార్న్ కథలు ఈ పనికి బాగా పనికొస్తాయి. ఎందుకంటే ఆయన కథ చివర నీతి వాక్యం అతికించడు. పిల్లలే వెతుక్కోవాలి.

మొదట తేడా చెప్పాలి. విషయం వేరు, థీమ్ వేరు. బంగారం అనేది విషయం. దురాశ అన్నా విషయమే, ఒక్క మాటే కాబట్టి. థీమ్ అంటే ఆ విషయం గురించి కథ చెప్పే పూర్తి వాక్యం. ప్రేమించే మనుషుల్ని మించిన సంపద లేదు అన్నది ఒక థీమ్. అందులో మైడాస్ పేరు లేదు, రాజు లేడు. పేర్లు తీసేసినా నిలబడాలి, ఇంకో మనిషికి కూడా వర్తించాలి. అప్పుడే అది థీమ్. మా భాషలో చెప్పాలంటే సెంట్రింగ్ ఊడదీశాక కూడా నిలబడే స్లాబ్ లాంటిది. కథలోని మనుషులూ సంఘటనలూ సెంట్రింగ్.

పిల్లల్ని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. అతను ఏం కోరుకున్నాడు? దానికోసం ఏం పోగొట్టుకున్నాడు? చివరికి అతనిలో ఏం మారింది? మూడో ప్రశ్నకు జవాబు దగ్గరే థీమ్ ఉంటుంది. తర్వాత నాలుగోది, అది కథలో ఎక్కడ కనిపించిందో చూపించు అనడం. ఆ పిల్ల గులాబీల కోసం ఏడ్చిన చోటు చూపిస్తే పిల్లవాడికి కథ అర్థమైనట్టే. చూపించకుండా అత్యాశ మంచిది కాదు అని గడగడా చెబితే అది బట్టీ పట్టిందే.

పాలకూజా కథ తీసుకోండి. ఫిలెమన్, బాసిస్ అని ముసలి దంపతులు. ఊరివాళ్ళు దారిన పోయే పరదేశుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పుతారు, పిల్లలు రాళ్ళు విసురుతారు. ఈ ఇద్దరు మాత్రం ఉన్న రొట్టె, పాలు పెట్టి ఆదరిస్తారు. వచ్చినవాళ్ళు దేవుళ్ళు. కూజాలో పాలు ఎంత పోసినా అయిపోవు. పొద్దున లేచి చూస్తే ఊరంతా చెరువైపోయి ఉంటుంది. ద్రౌపది అక్షయపాత్ర తెలిసిన పిల్లవాడు ఈ కూజాను వెంటనే గుర్తుపడతాడు. రెండు కథలూ పక్కపక్కన పెట్టి ఏది ఒకటి, ఏది వేరు అని అడగొచ్చు. అతిథిని ఆదరించడం రెండింట్లోనూ ఉంది. కానీ గ్రీకు కథలో వచ్చింది పరదేశి. ఎవరో తెలియదు, భాష తెలియదు, బట్టలు చిరిగి ఉన్నాయి. పరాయి దేశంలో మొదటి రోజు ఎవరు మంచినీళ్ళిచ్చారో గుర్తున్నవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

పండోరా కథలో ఇంకో పాఠముంది. హాథార్న్ పండోరానూ ఎపిమిథియస్‌నూ చిన్నపిల్లలుగా మార్చాడు. వద్దన్న పెట్టె తెరుస్తుంది, కుట్టే పురుగుల్లా కష్టాలన్నీ ఎగిరిపోతాయి, చివర్లో ఆశ బయటికొస్తుంది. ఒక పిల్లవాడు వద్దన్న పని చేయకూడదు అంటాడు. ఇంకొకడు ఎన్ని కష్టాలొచ్చినా ఆశ మిగులుతుంది అంటాడు. ఇద్దరూ కరెక్టే, చూపించగలిగితే. ఒక కథకు ఒకే థీమ్ ఉండాలని లేదు.

1853లో హాథార్న్ ఇంకో ఆరు కథలతో 'టాంగిల్‌వుడ్ టేల్స్' తెచ్చాడు. అందులో దానిమ్మ గింజల కథ ఉంది. పాతాళ రాజు ప్లూటో ప్రాసర్పినా అనే అమ్మాయిని ఎత్తుకుపోతాడు. రత్నాలిస్తాడు, రకరకాల వంటలు చేయిస్తాడు. ఆ పిల్లకు కావాల్సింది అమ్మ చేసిన రొట్టె, తోటలో కాసిన పండు. తల్లి సీరిస్ కాగడా పట్టుకుని లోకమంతా వెతుకుతుంది. చివరికి ఆరు గింజలకు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇంట్లో అని తేలుతుంది. ఇది రుతువులు ఎందుకొస్తాయో చెప్పే కథ అని పుస్తకాల్లో ఉంటుంది. దాని థీమ్ మాత్రం ఎడబాటు గురించి. లీవు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టే ఇంట్లో పిల్లలు దాన్ని టీచరు కంటే ముందే చెప్పేస్తారు.

కథలు ఎవరి సొత్తు

హాథార్న్ ఇలా మార్చడం అందరికీ నచ్చలేదు. గ్రీకు కథల గంభీరత పోయిందని పండితులు అన్నారు. ఇంగ్లండులో చార్లెస్ కింగ్స్‌లీకి ఇవి నచ్చక 1856లో గ్రీకు పద్ధతికి దగ్గరగా ఉండేలా 'ద హీరోస్' అనే పుస్తకం తన పిల్లల కోసం రాశాడు. ఈ విమర్శ వస్తుందని హాథార్న్‌కు ముందే తెలుసు. తన పుస్తకంలోనే ప్రింగిల్ అనే పెద్దాయన చేత యూస్టేస్‌ను తిట్టించాడు. ఈ కథలు ఏ ఒక్క కాలానికీ చెందవని, ప్రతి తరం వాటికి తన బట్టలు తొడగవచ్చని ఆయన అభిప్రాయం. ఇంకో మాట కూడా నమ్మాడు. పిల్లల కోసమని కథను కిందికి దించక్కర్లేదు. సూటిగా చెబితే ఎంత లోతైనదైనా వాళ్ళు అందుకుంటారు.

మనకిది కొత్త కాదు. వాల్మీకి రామాయణం వేరు, మొల్ల రామాయణం వేరు, మా ఊళ్ళో ఆడవాళ్ళు పాడుకునే సీతమ్మ పాటలు వేరు. 'చందమామ' చదివి పెరిగినవాళ్ళు గ్రీకు ఒడిస్సీ కథను తెలుగు పేర్లతో చదివిన సంగతి చాలామందికి తెలియదు కూడా. పేర్లు మారాయి, కథ మిగిలింది. అయితే హాథార్న్ మార్చినచోట ఏం పోయిందో కూడా పెద్ద పిల్లలకు చెప్పాలి. పాత కథల్లోని రక్తం, కామం, దేవుళ్ళ కోపం ఆయన చాలావరకు తీసేశాడు. ఏడో తరగతికి వచ్చాక పాత కథ కూడా చదివించి, మేరీగోల్డ్ లేని మైడాస్ కథకు థీమ్ ఏమవుతుందో అడిగితే మంచి చర్చ అవుతుంది.

ఆ ఇంటి చుట్టూ చదువు గురించి ఆలోచించే మనుషులే. సోఫియా అక్క ఎలిజబెత్ 1860లో బోస్టన్‌లో అమెరికా మొదటి ఇంగ్లీషు కిండర్‌గార్టెన్ తెరిచింది. రెండో అక్క మేరీ భర్త హొరేస్ మాన్ మసాచుసెట్స్‌లో అందరికీ ఉచిత ప్రభుత్వ బడి ఉండాలని పోరాడిన మనిషి. హాథార్న్ బడి పెట్టలేదు, పాఠం చెప్పలేదు. కథ చెప్పాడు.

లివర్‌పూల్ ఆఫీసు

1853లో స్నేహితుడు పియర్స్ అధ్యక్షుడయ్యాడు. అంతకు ముందు ఎన్నికలకు ఆయన జీవిత చరిత్ర రాసిపెట్టింది హాథార్నే. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో అమెరికా కాన్సుల్ ఉద్యోగం దొరికింది. కుటుంబంతో సముద్రం దాటాడు. ఆఫీసుకు రోజూ వచ్చేది అమెరికా ఓడల్లో పనిచేసే నావికులు. కెప్టెన్లు కొట్టారని, దెబ్బలు చూపించి న్యాయం అడిగేవాళ్ళు. డబ్బులయిపోయి ఇంటికి పోలేని పౌరులు వచ్చేవాళ్ళు. దిక్కులేక ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళ సంగతీ ఆయనే చూడాలి. నావికుల మీద జరిగే దౌర్జన్యం గురించి పై ప్రభుత్వానికి రాశాడు. చట్టాల్లో ఉన్న లొసుగుల వల్ల చాలాసార్లు చేతులు కట్టేసినట్టయింది. ఎంబసీ గేటు ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళకు, టేబులుకు అవతలి పక్క మనసున్న మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో ఈ నాలుగేళ్ళు చెబుతాయి. ఆ నావికుల్లో ఆయన తన తండ్రిని చూశాడో లేదో ఎవరం చెప్పలేం. రేవులో చనిపోయిన ఓడమనిషి కొడుకు అన్న సంగతి మాత్రం మర్చిపోలేం.

1857లో ఉద్యోగం వదిలి ఇటలీ వెళ్ళారు. రోమ్‌లో ఊనాకు మలేరియా వచ్చి చావు అంచుదాకా వెళ్ళింది. కూతురి మంచం పక్కన గడిపిన ఆ నెలలు హాథార్న్‌ను బాగా కుంగదీశాయి. 1860లో కాంకర్డ్‌కు తిరిగొచ్చారు. తర్వాత మొదలుపెట్టిన నవలలేవీ పూర్తికాలేదు. 1864 మే 19న, పియర్స్‌తో కలిసి ప్రయాణంలో ఉండగా, న్యూహాంప్‌షైర్‌లోని ప్లిమత్ అనే ఊళ్ళో హోటల్ గదిలో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 59. కాంకర్డ్‌లోని స్లీపీ హాలో శ్మశానంలో పాతిపెట్టారు. ఎమర్సన్, లాంగ్‌ఫెలో అంత్యక్రియలకు వచ్చారు.

కథ విన్న పిల్లలు

ముగ్గురు పిల్లలూ మైడాస్ కథ ఉన్న ఇంట్లో పెరిగారు. జూలియన్ తండ్రిలాగే రచయిత అయ్యాడు. కానీ పెద్దయ్యాక గనుల కంపెనీ షేర్లు పోస్టు ద్వారా అమ్మి జనాన్ని మోసం చేసిన కేసులో 1913లో శిక్షపడి అట్లాంటా జైలుకు వెళ్ళాడు. కథ విన్నంత మాత్రాన మనిషి మారడనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. చిన్న కూతురు రోజ్ ఒక్కగానొక్క కొడుకును చిన్నప్పుడే పోగొట్టుకుంది. 1896లో న్యూయార్క్ మురికివాడలో క్యాన్సర్ వచ్చిన పేదలకు సేవ మొదలుపెట్టింది. క్యాన్సర్ అంటువ్యాధి అని జనం దగ్గరికి రాని రోజులవి. 1900లో నన్‌గా మారి ఒక సంస్థ స్థాపించింది. రోగి దగ్గర పైసా తీసుకోకూడదన్నది నియమం. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఒకే ఇంట్లో ఒకే కథ, ఇద్దరు పిల్లలు రెండు దారులు. థీమ్ చెప్పగలగడం పరీక్షకు పనికొస్తుంది. దాన్ని బతుకులో పెట్టుకోవడం ఎవరికివాళ్ళు చేసుకోవాల్సిన పని.

హాథార్న్ పోయాక సోఫియా పిల్లలతో యూరప్ వెళ్ళింది. 1871లో లండన్‌లో చనిపోయింది. ఆరేళ్ళకు ఊనా కూడా ఇంగ్లండులోనే పోయింది. తల్లీకూతుళ్ళను లండన్‌లోనే పాతిపెట్టారు. ఆ సమాధులు పాడైపోతే, వాటిని చూసుకుంటూ వచ్చిన రోజ్ సంస్థ నన్‌లు పూనుకుని 2006 జూన్‌లో ఇద్దరి అస్థికలనూ సముద్రం దాటించి కాంకర్డ్‌కు తెచ్చారు. 135 ఏళ్ళ తర్వాత సోఫియా భర్త పక్కన చేరింది. సురినాంలో పోయిన తండ్రి మాత్రం ఎప్పటికీ ఇంటికి రాలేదు.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మార్కులూ ఫీజులూ అయ్యాక, పిల్లలకు మైడాస్ కథ చెప్పండి. గులాబీల దగ్గర ఆపి, ఆ పిల్ల ఎందుకేడ్చిందో అడగండి. జవాబు తొందరపడి మీరు చెప్పకండి.